అరవై దాటాక వాకింగ్ ఒక్కటే చాలదు, కాళ్లలో బలం కూడా కావాలి

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూనో, ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్‌లోనో నాలుగు రౌండ్లు తిరిగొచ్చి, ఇవాళ్టికి వ్యాయామం అయిపోయిందనుకునేవాళ్లే మనలో ఎక్కువ. వాకింగ్ మంచిదే, మానొద్దు. కానీ సోఫాలోంచి లేవాలన్నా చేతులు ఆనించి "అమ్మా" అనాల్సి వస్తోందంటే తొడల్లో బలం తగ్గుతోందన్నమాట, దాన్ని వాకింగ్ ఒక్కటే తిరిగి తెచ్చిపెట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కండరాల బలం కోసం 2 రోజులు, తూలిపడకుండా బ్యాలెన్స్ కోసం 3 రోజులు కేటాయించమంటోంది. మనం మొదటిది పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తాం.

ముందు మీ కాళ్ల సంగతి తేల్చుకోండి. గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసి (ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది), చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఇంట్లో ఎవరినైనా ఫోన్లో టైమ్ పెట్టి లెక్కపెట్టమనండి. 65–69 ఏళ్ల మగవాళ్లు 12 కన్నా, ఆడవాళ్లు 11 కన్నా తక్కువసార్లు లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. తక్కువొచ్చిందని టెన్షన్ పడకండి, ఈ పరీక్షే మందు కూడా.

రోజు విడిచి రోజు ఇదే పని ఎనిమిది, పది సార్లు చేయండి, కాసేపు ఆగి ఇంకోసారి. పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, నడుం దగ్గర ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ దిగండి, అసలు కష్టమంతా అక్కడే, లాభమూ అక్కడే. లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. మోకాళ్లు అరిగిపోతాయని కదలకుండా కూర్చుంటే తొడ కండరం ఇంకా సన్నబడి, భారమంతా కీలు మీదే పడుతుంది. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే ఫర్వాలేదు గానీ, మర్నాటికీ నొప్పో వాపో ఉంటే లెక్క తగ్గించండి.

బ్యాలెన్స్‌కి వేరే టైమ్ కూడా అక్కర్లేదు. కుక్కర్ విజిల్ వచ్చేలోపు సింక్ పక్కన గట్టు పట్టుకుని మడమలెత్తి దించండి, తర్వాత ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. అలవాటయ్యాక రెండు చేతుల బదులు ఒక చెయ్యి, ఆ తర్వాత రెండు వేళ్లు ఆనిస్తే చాలు. హాల్లో గోడ పక్కనే టైల్స్ మధ్య గీత మీద, ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ తగిలేలా నడవడం చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. తడి నేల మీద మాత్రం వద్దు, అరిగిపోయిన హవాయి చెప్పులతో అసలే వద్దు.

వాకింగ్ వేగానికి ఒక గుర్తు: పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ బిళ్లలో, చక్కెరో పెట్టుకోండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా ఓ నిమిషం కూర్చుని లేవండి. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

పిల్లలకూ ఒక మాట. ప్రేమతోనే అయినా "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తా" అని ప్రతి పనీ లాక్కోకండి. అమెరికా నుంచి డబ్బు పంపి కొనిపెట్టిన ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్లు ఆరేసే ఇళ్లు చాలానే ఉన్నాయి, దానికన్నా బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక రాడ్ బిగించడం మేలు.

ఇక అందరూ వదిలేసేది కింద నుంచి లేవడం. చాప మీద పడుకుని పక్కకు తిరగండి, మోచేతి సాయంతో లేచి, మోకాళ్ల మీద కుర్చీ దాకా పాకి, సీటు మీద రెండు చేతులూ ఆనించి, బలమున్న కాలి పాదం ముందుకు వేసి పైకి లేవండి. మోకాలో తుంటో మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు ఫిజియోథెరపిస్టును అడిగాకే మొదలుపెట్టాలి. మొదటిసారి చేసేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.