ఫ్లైట్ క్యాన్సిల్ అయితే పరిహారం: దరఖాస్తు చేసుకునే పద్ధతి

శంషాబాద్‌లో వైజాగ్ ఫ్లైట్ కోసం కూర్చున్నారు. బోర్డు మీద ‘డిలేడ్’ అని ఉన్నది కాస్తా ‘క్యాన్సిల్డ్’ అయింది. అందరూ కౌంటర్ మీదికి ఎగబడతారు. మీరూ వెళ్లండి, కానీ ముందు ఆ బోర్డుని ఫొటో తీసుకోండి. ఎయిర్‌లైన్ పంపిన మెసేజ్‌ని టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు పేచీ అంతా ఎప్పుడు చెప్పారు, ఏ కారణం చెప్పారు అన్న దగ్గరే.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో లెక్క ఇదీ. బయల్దేరే టైముకి కనీసం 24 గంటల ముందు చెబితే వేరే ఫ్లైటో, రీఫండో ఇస్తే చాలు. ఆ గడువు దాటాక చెప్తే మీకు నచ్చిన వేరే ఫ్లైట్ ఇవ్వాలి, లేదా పూర్తి రీఫండ్‌తో పాటు పరిహారం ఇవ్వాలి. ఈ ‘లేదా’ చాలామందికి తెలీదు. కౌంటర్‌లో ఇచ్చిన సాయంత్రం ఫ్లైట్ ఎక్కేసి, ఇంటికెళ్లాక పరిహారం అడిగితే పని కాదు. అర్జెంటు పని లేకపోతే అక్కడే ఒక నిమిషం ఆలోచించుకోండి.

పరిహారం ఎంతంటే, ప్రయాణం గంటలోపుదైతే రూ.5,000, రెండు గంటల వరకు రూ.7,500, ఆపైన రూ.10,000. లేదా ఒకవైపు బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తం. రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. వైజాగ్ టికెట్‌కి మీరు 5,400 కట్టినా, అందులో ఈ రెండూ కలిపి 3,900 ఉంటే మీ పరిహారం 3,900 మాత్రమే. తుపాను, పొగమంచు, సమ్మె లాంటివి కారణమైతే అదీ రాదు.

ఇంకో మెలిక ఉంది. టికెట్‌లో సరైన ఫోన్ నంబర్ ఇవ్వకపోతే పరిహారం ఇవ్వక్కర్లేదు. ఏజెంట్ దగ్గర బుక్ చేయిస్తే ఆయన తన నంబరే కొట్టేస్తాడు, మెసేజ్‌లన్నీ ఆయనకే పోతాయి. మీ నంబర్ పెట్టించుకోండి.

ఫిర్యాదు ముందు ఎయిర్‌లైన్‌కే. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ వివరాలుంటాయి, ఆయన పైన అప్పిలేట్ అధికారి. మెయిల్‌లో ఆవేశం వద్దు, ఇలా నాలుగు ముక్కలు చాలు: “ఫలానా పీఎన్ఆర్, ఫలానా తేదీ. రద్దు సంగతి బయల్దేరడానికి మూడు గంటల ముందు తెలిసింది. వేరే ఫ్లైట్ వద్దన్నాను. డీజీసీఏ సీఏఆర్ సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4 ప్రకారం రీఫండ్, పరిహారం ఇప్పించగలరు.” సీఏఆర్ అంటే పైన చెప్పిన డీజీసీఏ నిబంధనలే. టికెట్, స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదు.

జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా యాప్‌లో గానీ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు వేయండి. ఎయిర్‌లైన్‌కి పంపిన మెయిల్‌ని కూడా అక్కడ అప్‌లోడ్ చేయండి. వచ్చిన ఫిర్యాదు నంబర్ దాచుకోండి.

ఆలస్యానికి మాత్రం ఈ నిబంధనల్లో నగదు లేదు. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు లేటైతే తిండి పెట్టాలి, 24 గంటలు దాటితే హోటల్ ఇవ్వాలి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి యూరోపియన్ యూనియన్ నిబంధన కింద 600 యూరోల దాకా రావచ్చు.

ఎయిర్‌సేవాలోనూ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వెళ్లాలి. మీరుండే ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు, టికెట్ ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు.