విశాఖ కస్టమర్‌కు జమ్మూ కోడ్: దేశాలు, రాష్ట్రాల మాస్టర్‌లో సమస్యలు - పరిష్కారాలు

ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, అమ్మకాలు, సరుకు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టేటప్పుడు దేశాలు, రాష్ట్రాల పట్టిక, అంటే మాస్టర్ మీద ఎవరి దృష్టీ నిలవదు. అది సాఫ్ట్‌వేర్‌తోపాటే నిండుగా వస్తుంది. తెరిచి, అందులో ఇండియా ఉందని చూసుకుని మూసేస్తారు. నెలాఖరున ఇన్‌వాయిస్‌లు తిరిగి వచ్చినప్పుడు పన్ను సెట్టింగులన్నీ తిరగేస్తారు గానీ ఈ పట్టిక జోలికి పోరు. నేను చూసిన కేసుల్లో చాలావరకు తప్పు ఇక్కడే దొరికింది. అందుకే లక్షణం ఏదైనా ముందుగా ఈ పట్టికనే తెరవమంటాను.

సమస్య: రాష్ట్రం లోపలి అమ్మకానికి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను) పడుతోంది. లేదా జీఎస్టీఐఎన్‌కూ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు) రాష్ట్ర కోడ్‌కూ పొంతన లేదని, ఇన్‌వాయిస్‌లు నమోదు చేసే ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ తిప్పి పంపుతోంది.

కారణం: ఒకే రాష్ట్రానికి ఒకటికి మించి కోడ్లున్నాయి. సాఫ్ట్‌వేర్ కోడ్ వేరు, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) కోడ్ వేరు, జీఎస్టీ కోడ్ వేరు. సాప్ అనే ఈఆర్‌పీ పాత ఇన్‌స్టలేషన్లలో భారత రాష్ట్రాలు ఇంగ్లిషు అక్షరక్రమంలో 01 నుంచి మొదలవుతాయి. కాబట్టి అక్కడ 01 అంటే ఆంధ్రప్రదేశ్. జీఎస్టీలో 01 అంటే జమ్మూ కశ్మీర్. విశాఖ కస్టమర్ రికార్డులో ప్రాంతం దగ్గర 01 అని ఉంటే సాప్ లెక్కలో అది సరైనదే. ఆ అంకె మారకుండా పోర్టల్‌కు వెళ్లిందంటే మాత్రం విశాఖ కాస్తా జమ్మూ అవుతుంది.

మన రెండు రాష్ట్రాలకు ఇంకో చిక్కు ఉంది. జీఎస్టీ కోడ్లకు మూలం 2011 జనగణన కోడ్లు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 28. 2014 జూన్ 2న విభజన జరిగాక తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. పాత పట్టికను అలాగే తెచ్చుకున్న సంస్థల్లో 28 ఇంకా బతికే ఉంటుంది. కంపెనీ రికార్డు 37, కస్టమర్ రికార్డు 28 అయితే సాఫ్ట్‌వేర్‌కు అవి రెండు వేర్వేరు రాష్ట్రాలు. అది ఐజీఎస్టీ వేయడంలో ఆశ్చర్యం లేదు.

పరిష్కారం: సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కోడ్‌ను మార్చకండి. దాని పక్కన జీఎస్టీ కోడ్‌కు విడిగా ఒక గడి పెట్టండి. సాప్‌లో ఈ రెంటినీ జతపరిచే పట్టిక ప్రత్యేకంగా ఉంది, దాన్ని పూర్తిగా నింపాలి. ఆ తర్వాత కస్టమర్లందరి జీఎస్టీఐఎన్ మొదటి రెండు అంకెలను, వారి బిల్లింగ్ చిరునామాలోని రాష్ట్రపు జీఎస్టీ కోడ్‌తో పోల్చి చూడండి. ఒక రాష్ట్రం కస్టమర్లంతా తేడాగా వస్తే తప్పు మాస్టర్‌లో ఉంది. అక్కడొకరు ఇక్కడొకరు వస్తే తప్పు ఆయా కస్టమర్ రికార్డుల్లో ఉంది. డెలివరీ చిరునామాతో మాత్రం పోల్చకండి. బిల్లు ఒక రాష్ట్రానికి, సరుకు ఇంకో రాష్ట్రానికి వెళ్లడం న్యాయంగా జరిగే వ్యాపారమే.

సమస్య: రాష్ట్రం దానంతటదే తప్పుగా నిండుతోంది.

కారణం: పిన్‌కోడ్ మొదటి అంకెలను బట్టి రాష్ట్రాన్ని నింపమని ఎవరో చిన్న ప్రోగ్రామ్ రాసి ఉంటారు. 50 అంటే తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్రప్రదేశ్ అన్నది చాలాచోట్ల నిజమే. కానీ యానాం పిన్‌కోడ్ 533464. చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా యానాం పుదుచ్చేరిలో భాగం, దాని జీఎస్టీ కోడ్ 34. కాకినాడ నుంచి యానాం దుకాణానికి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, ఐజీఎస్టీ వేయాలి. ఈ ప్రోగ్రామ్ దాన్ని 37గా నింపి, రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయిస్తుంది. చింతూరు వైపు ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. ఆ మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, పిన్‌కోడ్ మాత్రం ఖమ్మం వైపు వాడే 507తోనే మొదలవుతుంది.

పరిష్కారం: పిన్‌కోడ్‌తో రాష్ట్రాన్ని సూచించవచ్చు, నిర్ణయించకూడదు. నింపిన విలువను మనిషి చూసి ఒప్పుకున్నాకే రికార్డు సేవ్ కావాలి. యానాం లాంటి ఊళ్లకు ఆరు అంకెల పూర్తి పిన్‌కోడ్‌తో మినహాయింపుల జాబితా పెట్టండి.

సమస్య: తెలంగాణ కస్టమర్ల ఫైలు ఒక సిస్టమ్‌లోకి ఎక్కుతోంది, ఇంకోదాంట్లో తిరస్కరణకు గురవుతోంది.

కారణం: తెలంగాణకు వాడే టీఎస్, టీజీ అనే రెండక్షరాల కోడ్ల గందరగోళం. ఐఎస్ఓ 2023 నవంబరులో తన జాబితాలో తెలంగాణను టీజీ నుంచి టీఎస్‌కు మార్చింది. 2024 మార్చిలో వాహన రిజిస్ట్రేషన్ టీఎస్ నుంచి టీజీకి మారింది. రెండూ ఎదురెదురుగా నడిచాయి. పత్రికలో వార్త చూసి మాస్టర్‌లో అక్షరాలు మార్చినవారు కష్టాల్లో పడ్డారు.

పరిష్కారం: లోపలి కోడ్ ఏది ఉంటే దాన్నే ఉంచండి. బయటి ఫైళ్లు వచ్చే దారిలో టీఎస్ వచ్చినా టీజీ వచ్చినా దానికే చేరేలా మార్పిడి పట్టిక పెట్టండి.

సమస్య: దుబాయ్ లేదా హాంకాంగ్ కస్టమర్ చిరునామా సేవ్ కావడం లేదు.

కారణం: పోస్టల్ కోడ్ తప్పనిసరి, ఆరు అంకెలు ఉండాలి అన్న భారత నియమం దేశాలన్నిటికీ పడింది. యూఏఈ, హాంకాంగ్‌లలో మనలాంటి పోస్టల్ కోడ్ విధానం లేదు.

పరిష్కారం: నియమాన్ని దేశంవారీగా పెట్టండి. సున్నాలు కొట్టి గండం గట్టెక్కించే అలవాటును మొదటిరోజే ఆపండి. ఎగుమతి ఈ-ఇన్‌వాయిస్‌లో రాష్ట్రం 96, పిన్‌కోడ్ 999999 అని పంపాలి, నిజమే. ఆ విలువలను పోర్టల్‌కు పంపే చోట చేర్చాలి. కస్టమర్ మాస్టర్‌లో రాసిపెడితే అవే కొరియర్ చీటీ మీద కూడా అచ్చవుతాయి.

సమస్య: దేశాల ఫైలు ఎక్కించాక నమీబియా మాయమైంది. 01 అని ఉండాల్సిన కోడ్లు 1 అయ్యాయి.

కారణం: నమీబియా రెండక్షరాల కోడ్ ఎన్ఏ. డేటా ఫైళ్లు చదవడానికి వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్ దాన్ని ఖాళీ గడిగా చదువుతుంది. ముందున్న సున్నాను ఎక్సెల్ తీసేస్తుంది. పరిష్కారం: కోడ్ గడులను టెక్స్ట్‌గా చదివించండి, ఎన్ఏ లాంటివాటిని ఖాళీగా లెక్కించే పాండాస్ డిఫాల్ట్ జాబితాను ఆపేయండి.

సమస్య: గ్రీస్ కస్టమర్ వ్యాట్ నంబరు చెల్లదంటోంది.

గ్రీస్ ఐఎస్ఓ కోడ్ జీఆర్, యూరప్ వ్యాట్ నంబరు మాత్రం ఈఎల్‌తో మొదలవుతుంది. ఉత్తర ఐర్లాండ్ సరుకుల వ్యాపారానికి 2021 నుంచి ఎక్స్‌ఐ అనే వ్యాట్ కోడ్ వచ్చింది. దీనికీ మొదట చెప్పిన మందే: పన్ను కోడ్‌కు విడి గడి.

సమస్య: పాత ఇన్‌వాయిస్ మళ్లీ ప్రింట్ తీస్తే రాష్ట్రం గడి ఖాళీగా వస్తోంది.

కారణం: ఎవరో పట్టికను శుభ్రం చేశారు. 2020 జనవరి 26న డామన్ డయ్యూ, దాద్రా నగర్ హవేలీ ఒకటయ్యాయి. కలిసిన ప్రాంతానికి జీఎస్టీ కోడ్ 26 ఉండగా, డామన్ డయ్యూ పాత కోడ్ 25 అక్కర్లేదని తొలగించి ఉంటారు. నెదర్లాండ్స్ యాంటిలీస్ 2010 అక్టోబరులో రద్దయిందని దాన్నీ తీసేసి ఉంటారు. కానీ ఆ కోడ్ల మీద రాసిన బిల్లులు పుస్తకాల్లో ఇంకా ఉన్నాయి. ఆడిటర్ అడిగితే చూపించాల్సినవి అవే.

పరిష్కారం: బ్యాకప్‌లోంచి ఆ వరుసలను తిరిగి తెచ్చి, అమల్లో ఉన్న తేదీలు రాసి, కొత్త ఎంట్రీలకు కనిపించకుండా నిలిపివేయండి. ఆపైన ఈ పట్టికలో తొలగించే అనుమతిని అందరికీ తీసేయండి, అడ్మిన్‌తో సహా.