షెల్టర్‌కు వచ్చిన మహిళకు కౌన్సెలింగ్ ఎలా చేయాలి?

ఒక రాత్రి పదకొండు దాటాక చంటిపిల్లను చంకనేసుకుని, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా ఒకావిడ వచ్చింది. గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి నోరు విప్పి, "మేడమ్, పొద్దున్నే పాలతనికి డబ్బులివ్వాలి" అంది. కాగితం తీసి "పాలు, 180 రూపాయలు" అని ఆవిడ చూస్తుండగానే రాశాను. అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాతే మిగతాది చెప్పింది. భర్త ఎప్పట్నుంచి కొడుతున్నాడని గుమ్మంలోనే అడిగి ఉంటే, ఆ రాత్రి ఇంకేమీ చెప్పేది కాదు.

ముందు అన్నం, గాయాలు

మంచినీళ్లు, అన్నం, మార్చుకోవడానికి బట్టలు, బిడ్డకు పాలు. ఫారాలు తర్వాత నింపవచ్చు. దెబ్బలు ఎక్కడ తగిలాయో అడిగేటప్పుడు "గొంతు నులిమాడా?" అని విడిగా అడగండి. చాలామంది దాన్ని దెబ్బల్లో లెక్కేయరు. మెడ మీద మచ్చ కనపడకపోయినా లోపల వాపు రావచ్చు, కొన్ని గంటల తర్వాత కూడా ప్రాణం మీదికి రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కాసేపు స్పృహ తప్పడం లాంటివి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తలుపు వేసి, ఒక్కరితోనే

వెంట వచ్చింది కన్నతల్లి అయినా బయటే కూర్చోమనండి. అమ్మ ముందు చెప్పలేనివి ఎన్నో ఉంటాయి. చెప్పింది బయటికి పోదని, ప్రాణానికో పిల్లలకో ముప్పు ఉంటే మాత్రం సంబంధించిన వాళ్లకు చెప్పక తప్పదని ముందే చెప్పేయండి.

"ఎందుకు"తో మొదలయ్యే ప్రశ్న వద్దు. "ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారు?" అని అడిగితే తప్పు తనదే అని వినిపిస్తుంది. "ఇవాళ ఏం జరిగింది? చెప్పాలనిపించినంతే చెప్పండి" అంటే చాలు. మధ్యలో ఆగిపోతే మనమూ ఆగాలి. రాసుకునేటప్పుడు ఆవిడ మాటలే రాయండి. "తన్నాడు" అంటే "తన్నాడు" అనే ఉండాలి, "గొడవ జరిగింది" అని మార్చకూడదు. ఆ కాగితం రేపు కోర్టు దాకా వెళ్లవచ్చు.

ముప్పు ఎంతుందో తెలుసుకోండి

చంపుతానన్నాడా, కత్తో కిరోసినో చేతికి తీసుకున్నాడా, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా, అనుమానంతో వెంటపడుతున్నాడా? ఇల్లు విడిచి వచ్చిన మొదటి రోజులే అన్నిటికన్నా ప్రమాదం. అందుకే ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆపించండి, అతనికి తెలిసిన పాస్‌వర్డ్‌లు మార్పించండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

చట్టం కొంచెం కొంచెంగా

కాస్త తేరుకున్నాక, 2005 గృహహింస చట్టం కింద తనకు ఏం దొరుకుతుందో చెప్పండి: రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ. ఈ చట్టం కింద బాధితులకు సాయం చేయడానికి ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు వెళ్తుంది. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, దానికి నంబర్ 15100. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో సాధారణంగా ఐదు రోజుల వరకే ఉండనిస్తారు. కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు ఉండనిచ్చే ప్రభుత్వ ఆశ్రయం శక్తి సదన్‌కు వెళ్లాలా, పుట్టింటికా అన్నది రెండో రోజు నుంచే మాట్లాడుకోవాలి.

రాజీ మన పని కాదు

"పిల్లల ముఖం చూసి సర్దుకుపోమ్మా" అనే మాట ఆవిడ పెద్దమనుషుల దగ్గర, అత్తింట్లో, ఒక్కోసారి పుట్టింట్లోనూ విని విని మన దగ్గరికి వచ్చింది. మళ్లీ మన నోటి నుంచీ అదే వింటే ఇక ఏ తలుపూ తట్టదు. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెడితే, భయపడుతున్న మనిషి నిజం చెప్పలేదు. కోర్టు పంపిన కౌన్సెలింగ్‌లో కూడా కొట్టినవాడు తన హింసకు సాకులు చెప్పుకోవడానికి గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనలు ఒప్పుకోవు.

ఇంత చేశాక కూడా ఆవిడ తిరిగి వెళ్తానంటే? వెళ్తుంది. అది ఆవిడ నిర్ణయం, కోప్పడొద్దు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్, కొంచెం డబ్బు నమ్మకమైన పక్కింటావిడ దగ్గర పెట్టమనండి. 181 (మహిళల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం) నంబర్లు నోటికి వచ్చేదాకా చెప్పించండి. గొడవ మొదలైతే వంటింట్లోకి వెళ్లొద్దనండి, కత్తులూ మంటా ఉండేది అక్కడే. ఫలానా మాట వినిపిస్తే పోలీసులకు ఫోన్ చేయాలని పక్కింటివాళ్లతో ముందే అనుకోమనండి. నెల తర్వాత మళ్లీ వస్తే, జరిగిందంతా మొదటి నుంచి చెప్పించకుండా పాత ఫైలు తీసి, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టండి.