ఘాట్ రోడ్డు కొండను స్కాన్ చేసే ముందు

2021 డిసెంబర్ 1న తిరుమల కొండెక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు దొర్లిపడి రోడ్డు దెబ్బతింది. అంతకు రెండు వారాల ముందే కుండపోత వానలు. ఈశాన్య రుతుపవనాల వాన ఆ కొండలకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉంటుంది. కాబట్టి అలాంటి చోట లేజర్ స్కానర్‌తో నిఘా పెట్టాలనుకుంటే మొదటి స్కాన్ సెప్టెంబర్ దాటకూడదు. ముందుది లేకపోతే తర్వాతిదాన్ని దేనితో పోలుస్తాం?

ట్రైపాడ్ మీది స్కానర్ లేజర్ కిరణం వెళ్లి తిరిగొచ్చే తీరును బట్టి దూరాలు కొలిచి, కొండ ముఖాన్ని లక్షల బిందువులుగా మార్చుకుంటుంది. రెండు తేదీల బిందువులను పోలిస్తే ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ రాలిందో కనిపిస్తుంది.

తప్పులు ఎక్కువగా టార్గెట్ల దగ్గరే, అంటే రెండు స్కాన్‌లను ఒకదానితో ఒకటి సరిగ్గా కలపడానికి పెట్టే గుర్తుల దగ్గరే జరుగుతాయి. చేతికి అందుతుంది కదా అని రిటైనింగ్ వాల్ మీద అతికించకండి. ఆ గోడే ఒరిగితే, మన లెక్కలో కొండంతా జరిగినట్టు వస్తుంది, ఊరికే టెన్షన్. జారే చోటికి దూరంగా, గట్టి రాతి మీద, నాలుగు దిక్కులా కనీసం ఐదారు పెట్టండి. కదలదని నమ్మకమున్న రాతి భాగాన్ని కూడా రెండు స్కాన్‌లలో పోల్చండి. అక్కడే 2 సెంటీమీటర్ల తేడా వస్తే, వాలు మీద కనిపించే 1 సెంటీమీటరును కదలిక అనకండి.

వాన పడుతున్నప్పుడు, పొగమంచులో స్కాన్ వద్దు. తడి రాయి కిరణాన్ని మింగేస్తుంది, డేటాలో ఖాళీలు మిగులుతాయి. వానల తర్వాత పెరిగిన గడ్డి కూడా ‘ఉబ్బు’లాగే కనిపిస్తుంది. అలాగని వాలు మీది పొదలు నరికించకండి, మట్టిని పట్టి ఉంచేవి ఆ వేళ్లే.

రోడ్డు ఇరుకని చరియ కిందే ట్రైపాడ్ నిలబెట్టడం మామూలైపోయింది. అది రెండు విధాలా తప్పు. మన నెత్తిన రాయి పడొచ్చు. పైగా కింది నుంచి చూస్తే కొండ ముఖం మీద అరుగుల్లా ముందుకొచ్చిన రాళ్ల పైభాగం కనపడదు, వదులు రాళ్లు ఉండేది అక్కడే. లోయకు అవతలి మలుపు నుంచి, రెండు మూడు చోట్ల నిలబడి తీయండి. ఒకరు పైకి చూస్తూ కాపలా ఉండాలి.

స్కానర్ సైరన్ కాదు. రెండు స్కాన్‌ల మధ్య జరిగేది దానికి తెలియదు. కొన్ని రాళ్లు ముందస్తు కదలికేమీ చూపించకుండానే ఊడిపడతాయి. గట్టి వాన పడితే రిపోర్టు కోసం ఆగకుండా ముందు వాహనాలు ఆపాలి. కొండ పైఅంచు పగుళ్లు కింది నుంచి ఏ స్కాన్‌లోనూ పడవు. వానలకు ముందే అనుమతి తీసుకుని, పైకి నడిచి వెళ్లి చూసి, పగుళ్లకు రెండు వైపులా రంగుతో గుర్తు పెట్టి రండి.