ఆల్ వీల్ డ్రైవ్ కారును డ్రిఫ్ట్ కోసం వెనక చక్రాల డ్రైవ్‌గా మార్చే పద్ధతి

డ్రిఫ్ట్ అంటే వెనక చక్రాలను జారనిచ్చి బండిని పక్కకు నడపడం. అందుకు నాలుగు చక్రాల డ్రైవ్ కారును వెనక చక్రాల డ్రైవ్‌గా మార్చాలంటే 'ముందు షాఫ్టులు రెండూ తీసేస్తే సరిపోద్దిలే అన్నా' అనే మాట నెల్లూరు ఆటోనగర్ షెడ్లలోనూ, ఒంగోలులోనూ వినపడుతూనే ఉంటుంది. సరిపోదు. అలా తీసేసి, గేరు వేసి క్లచ్ వదిలితే బండి ఉన్నచోటే ఉంటుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఇచ్చే ఇలాంటి కారులో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య ఒక సెంటర్ డిఫరెన్షియల్ ఉంటుంది. ఎటు తేలిగ్గా తిరిగితే అటు తిరిగిపోవడం దాని గుణం. ముందువైపు భారం లేకుండా పోగానే తిరుగుడంతా అటే పోతుంది, వెనక చక్రాలకు ఏమీ అందదు. టోర్సన్ అనే గేర్ల రకం డిఫరెన్షియల్ అయినా అంతే. పట్టు తక్కువున్న వైపు ఎంత టార్క్ (తిప్పే బలం) నిలిస్తే దానికి కొన్ని రెట్లు రెండోవైపుకు పంపడం దాని పని. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో రెండువైపులనూ కలిపే భాగం) ఉంటే బండి కాస్త కదులుతుంది గానీ, కప్లింగ్ జారుతూ వేడెక్కి త్వరగా పాడవుతుంది.

కాబట్టి అసలు పని సెంటర్ డిఫరెన్షియల్‌ను ఒకే ముక్కగా బిగించడం. షాఫ్టుల సంగతి దాని తర్వాతే.

ఏ బండి పనికొస్తుంది

బానెట్ ఎత్తి ఇంజన్ ఎటు పెట్టి ఉందో చూడండి. అడ్డంగా ఉంటే ఆ బండి జోలికి పోవద్దు. హోండా సీఆర్‌వీ, డస్టర్ ఏడబ్ల్యూడీ, స్కోడా యెతి, 2022లో వచ్చిన గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ ఇవన్నీ అడ్డం ఇంజన్ బళ్లు. వీటి మూలం ముందు చక్రాల డ్రైవే. వెనక్కి శక్తిని పంపే చిన్న గేర్‌బాక్సు, క్లచ్ ప్యాక్ అవసరమైనప్పుడు సాయం చేసేవే తప్ప ఇంజన్ టార్క్ అంతా ఏకధాటిగా మోసేవి కావు. రెండు మూడు రౌండ్లకే క్లచ్ వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

జిప్సీ, థార్ ఫోర్ బై ఫోర్ వంటి వాటికి మార్పే అక్కర్లేదు. లీవర్ టూ హెచ్ (రెండు చక్రాల డ్రైవ్)లో ఉంటే అవి వెనక చక్రాల బళ్లే. అయితే ఎత్తు ఎక్కువ, వీల్‌బేస్ తక్కువ. పక్కకు జారుతూ ఉండగా టైరుకు ఒక్కసారి పట్టు దొరికితే బోల్తా పడతాయి. డ్రిఫ్ట్‌కు వాటిని ఎంచుకోవద్దు.

ఇంజన్ బండి పొడవునా పెట్టి ఉండి సెంటర్ డిఫరెన్షియల్ ఉన్నవే మనకు కావాల్సినవి. మన దేశంలో దొరికే వాటిలో మూడు రకాలు చెప్పుకోవాలి. మొదటిది 2000ల దశకంలో షెవ్రోలే పేరుతో అమ్మిన ఫారెస్టర్. పేరు షెవ్రోలేదైనా బండి సుబారుదే. సిలిండర్లు పడుకుని ఉండే బాక్సర్ ఇంజన్ వల్ల బరువు కిందికి ఉంటుంది, ఐదు గేర్ల మాన్యువల్ ఉంటుంది. ప్రపంచంలో ఈ మార్పు ఎక్కువగా చేసేది సుబారు బళ్లకే, ఫారెస్టర్‌కు కూడా అదే పద్ధతి. రెండోది 2007 నుంచి మారుతి దిగుమతి చేసి అమ్మిన పాత గ్రాండ్ విటారా. మూడోది ఆడి క్వాట్రో సెడాన్లు. ఇక్కడ దొరికే ఆడీలు ఎక్కువగా ఆటోమేటిక్. క్లచ్ తన్ని వెనకభాగాన్ని విడిపించే అవకాశం ఉండదు, ఎలక్ట్రానిక్స్ అడుగడుగునా అడ్డం వస్తాయి. డబ్బుండి, గేర్‌బాక్స్ విప్పగల మనిషి దొరికితేనే వాటి సంగతి చూడండి.

గ్రాండ్ విటారా: తేలికైన దారి

దీనికి ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకు, వెనక్కి పంచే పెట్టె) వేరుగా ఉంటుంది. డాష్‌బోర్డు మీది నాబ్‌ను 'ఫోర్ హెచ్ లాక్'లో పెడితే సెంటర్ డిఫరెన్షియల్ కంపెనీ ఇచ్చిన యంత్రాంగంతోనే లాక్ అవుతుంది. వెల్డింగ్ అక్కర్లేదు. ముందు యాక్సిల్‌కు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్కటి దించేస్తే బండి వెనక చక్రాలతో నడుస్తుంది. ముందు యాక్సిల్ షాఫ్టులు అలాగే ఉంచొచ్చు, ముందు డిఫరెన్షియల్ ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. దించే ముందు ఫ్లాంజ్‌ల మీద పెయింటుతో గీత గీయండి. తిరిగి ఎక్కించేటప్పుడు అదే స్థితిలో పెట్టకపోతే వణుకు వస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ట్రాన్స్‌ఫర్ కేసు ముందు మూతి దగ్గర. షాఫ్ట్ లేకపోయినా లాక్‌లో ఆ అవుట్‌పుట్ తిరుగుతూనే ఉంటుంది. ఫ్లాంజ్ దాని నట్టుతో సహా ఉండిపోతే ఆయిల్ సీలు పనిచేస్తుంది, లీకు ఉండదు. షాఫ్ట్ లోపలికి దూరే స్లిప్ యోక్ రకమైతే మాత్రం అక్కడ రంధ్రం తెరుచుకుంటుంది. పాత యోక్ ముక్క దూర్చి వదిలేస్తే తిరుగుతూ బయటికొచ్చేస్తుంది. సీలు తీసి, ఆ సీటు కొలతకు లేత్ వర్క్స్‌లో ఓ-రింగ్ గాడితో అల్యూమినియం మూత చేయించి బిగించండి. మూత హౌసింగ్‌కు పట్టుకుని ఉండాలి, లోపల షాఫ్ట్ దానికి తగలకుండా తిరగాలి.

ఇది కూడా ఎత్తైన బండే. స్ప్రింగులు మార్చి కిందికి దించకుండా ట్రాక్ మీదికి తీసుకెళ్లొద్దు.

ఫారెస్టర్: సెంటర్ లాక్ చేయడం

సెంటర్ డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ వెనక తోక హౌసింగ్‌లో ఉంటుంది. గేర్‌బాక్స్ మొత్తం రెండుగా చీల్చాల్సిన పని లేదు, తోక విప్పితే యూనిట్ బయటికొస్తుంది. బండి కిందే పడుకుని చేయొచ్చంటారు గానీ, గేర్‌బాక్స్ దించి బల్ల మీద చేసుకుంటే షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) తారుమారు కావు, క్లచ్ ప్లేటు కూడా ఒకసారి చూసినట్టవుతుంది.

ఈ యూనిట్‌లో బెవెల్ గేర్లతో పాటు విస్కస్ కప్లింగ్ ఉంటుంది. కప్లింగ్‌లో సిలికాన్ ద్రవం సీలు వేసి ఉంటుంది. దాన్ని వేరు చేయకుండా వెల్డింగ్ పెడితే లోపలి ఒత్తిడి పెరిగి పగులుతుంది, పక్కనున్న మనిషికి దెబ్బ తగులుతుంది. ఈ ఒక్క కారణంతోనే సెంటర్‌కు వెల్డింగ్ కన్నా స్పూల్ మేలు. డిఫరెన్షియల్ స్థానంలో కూర్చునే గట్టి ఉక్కు ముక్క అది, సుబారు గేర్‌బాక్సులకు విదేశాల్లో తయారుగా అమ్ముతారు. ఆర్డర్ ఇచ్చే ముందు గేర్‌బాక్స్ మీది కోడ్ చూసుకోండి, స్ప్లైన్ల (షాఫ్ట్ మీది గాళ్ల) లెక్క తేడా వస్తే అది పనికిరాదు.

ముందు డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరైన క్రౌన్ వీల్‌ను తీసేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. తీయొద్దు. ఈ గేర్‌బాక్సులో గేర్లకూ ముందు డిఫరెన్షియల్‌కూ ఒకే ఆయిల్, దాదాపు మూడున్నర లీటర్లు. ఆ క్రౌన్ వీల్ తిరుగుతూ ఆయిల్‌ను ఎగజిమ్ముతుంది. భారం లేకుండా తిరుగుతుంది కాబట్టి దాని అరుగుదల లెక్కలోది కాదు.

ముందు చక్రాలు ఊడకుండా

ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే. యాక్సిల్ షాఫ్ట్ చక్రాన్ని తిప్పడం ఒక్కటే చేయదు. చాలా బళ్లలో షాఫ్ట్ చివరి స్టబ్, దాని పెద్ద నట్టు కలిసి వీల్ బేరింగ్ లోపలి రేసులు రెంటినీ దగ్గరగా నొక్కి పట్టుకుంటాయి. షాఫ్ట్ మొత్తం తీసేస్తే ఆ పట్టు పోతుంది. బండి నాలుగు అడుగులు బాగానే వేస్తుంది, తర్వాత బేరింగ్ విడిపోయి చక్రం హబ్‌తో సహా ఊడుతుంది.

అందుకే షాఫ్ట్ దించి, బయటివైపు సీవీ జాయింట్‌ను (వంగుతూనే చక్రాన్ని తిప్పే కీలును) విప్పండి. రబ్బరు బూటు కోసి, షాఫ్ట్ లాగేసి, లోపలి రేసు, కేజ్, ఆరు బంతులు తీసేయండి. గిన్నెలాంటి బయటి భాగం, దాని స్ప్లైన్ స్టబ్ మిగులుతాయి. గ్రీజు చుక్క లేకుండా కిరోసిన్‌తో కడగండి, లేకపోతే తిరిగేటప్పుడు చిమ్మి బ్రేక్ డిస్కు మీద పడుతుంది. ఏబీఎస్ పళ్ల రింగు ఆ గిన్నె మీదే ఉంటే ముట్టుకోవద్దు. స్టబ్‌ను హబ్‌లో పెట్టి కొత్త నట్టు వేసి టార్క్ రెంచ్‌తో బిగించండి. చాలా కార్లలో ఇది 180 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. ఇంపాక్ట్ గన్‌తో కొట్టి వదిలేయడం ఇక్కడ పనికిరాదు. చివరగా నట్టు అంచును గాడిలోకి కొట్టండి.

గేర్‌బాక్స్ వైపు స్టబ్‌లు బయటికి పొడుచుకుని ఉండి, షాఫ్ట్ రోల్ పిన్‌తో పట్టుకునే రకమైతే అదృష్టమే. పిన్ను కొట్టి షాఫ్ట్ లాగేస్తే సీలు అలాగే ఉంటుంది. షాఫ్ట్ లోపలికి దూరే రకమైతే పాత షాఫ్ట్ లోపలి జాయింటు కప్పు కోసి, స్టబ్‌ను సర్‌క్లిప్‌తో సహా మళ్లీ కూర్చోబెట్టాలి.

షాఫ్టులు పోవడం వల్ల ఇంకో లాభం ఉంది. సీవీ జాయింటు వంగే హద్దు ఇక అడ్డం రాదు కాబట్టి స్టీరింగ్ కోణం పెంచుకోవచ్చు. ర్యాక్ ఎండ్ దగ్గర రెండువైపులా సమానంగా వాషర్ల మార్పుతో మొదలుపెట్టండి. పూర్తిగా తిప్పి చూసి టైరు, బ్రేక్ హోసు ఎక్కడా రాసుకోవడం లేదని తేల్చుకున్నాకే ఇంకొంచెం పెంచండి.

వెనక డిఫరెన్షియల్

ఇది ఓపెన్‌గా ఉంటే లోపలి చక్రం ఒక్కటే గిరగిరా తిరుగుతుంది, బండి జారదు. రెండు చక్రాలనూ కలిపి తిప్పే క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ దొరికితే అదే పెట్టండి. లేకపోతే దాని గేర్లను వెల్డింగ్‌తో ఒకటిగా అతికించాలి.

క్యారియర్ (గేర్లున్న డబ్బా) దించేటప్పుడు ఎడమ, కుడి షిమ్‌లు విడివిడిగా కవర్లలో పెట్టి పేరు రాయండి. క్రౌన్ వీల్, బేరింగులు తీసేయండి. గేర్లను డీజిల్‌తో, తర్వాత ఎసిటోన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ మాత్రం వాడొద్దు. దాని తడి మీద వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

స్టార్ పినియన్లు, సన్ గేర్లు గట్టిపరిచిన ఉక్కు. చల్లగా ఉన్నప్పుడే వెల్డ్ పెడితే పక్కనే పగులుతుంది. 200 డిగ్రీల దాకా వేడిచేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 లో-హైడ్రోజన్ రాడ్, 3.15 మి.మీ. సైజు, 100 నుంచి 130 ఆంప్స్ మధ్య వాడండి. పళ్లు కలిసే లోయల్లో అడుగునుంచి నింపుకుంటూ రావాలి, పైపైన గీత లాగితే మొదటి క్లచ్ కిక్‌కే ఊడుతుంది. గేరును గేరుకే అతికించండి. క్యారియర్ చాలా బళ్లలో పోత ఇనుము, దానికి అతికిస్తే అక్కడే చీలుతుంది. అయ్యాక పొడి ఇసుకలో పూడ్చి రాత్రంతా వదలండి. నీళ్లు పోసి చల్లార్చడం అంటే చేసిందంతా పాడుచేసుకోవడమే. వెల్డింగ్ చిమ్మిన చుక్కలన్నీ గీకి, క్రౌన్ బోల్టులకు థ్రెడ్ లాకర్ పూసి బిగించి, బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య సందు) డయల్ గేజ్‌తో చూడండి. 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉండటం మామూలు.

ఇంతకు ముందు రెండు యాక్సిళ్ల ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి ఒకటే ఉండాలి. ఇప్పుడు ఆ బంధం లేదు. ఫారెస్టర్‌లాంటి తక్కువ శక్తి బండికి వెనక కాస్త పొట్టి నిష్పత్తి (ఎక్కువ అంకె) ఉన్న డిఫరెన్షియల్ పెడితే చక్రాలు తేలిగ్గా విడిపోతాయి. చెన్నై పుదుపేటలో సెకండ్ హ్యాండ్ యూనిట్ వెతికేటప్పుడు పళ్లు లెక్కపెట్టి కొనండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (చివరల్లోని వంగే కీళ్లు), సెంటర్ బేరింగ్ కొత్తవి వేయండి. ఇంతకాలం సగం మోసినవి ఇప్పుడు మొత్తం మోయాలి. ముందు క్రాస్‌కు 150 మి.మీ. లోపల 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉక్కు పట్టీతో షాఫ్ట్ చుట్టూ లూప్ కట్టించండి. క్రాస్ విరిగితే షాఫ్ట్ ముందు కొన నేలకు గుచ్చుకుని బండిని ఎత్తేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ లారీల పని చేసే షెడ్డులో ఈ పట్టీ చక్కగా వంచి ఇస్తారు. తీరం దగ్గర ఉండేవాళ్లు వెల్డింగ్ చేసిన ప్రతిచోటా ప్రైమర్ పూయండి, ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.

బ్రేకులు, సెట్టింగులు

వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా వేగంగా తిరగడం ఈఎస్‌పీకి (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థకు) ప్రమాదంగా కనిపించి థ్రాటిల్ కోసేస్తుంది. ఏబీఎస్ ఫ్యూజు పీకేయడం అందరూ చేసే పనే గానీ, దాంతోపాటు ముందు, వెనక బ్రేకుల బలాన్ని పంచే ఈబీడీ కూడా పోతుంది, గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలే మొదట లాక్ అవుతాయి. మొదట 40 కి.మీ. వేగంలో బ్రేకులు పరీక్షించి ఆ తీరు తెలుసుకోండి.

అలైన్‌మెంట్ మొదలుపెట్టడానికి: ముందు క్యాంబర్ (చక్రం నిలువునా వాలే కోణం) మైనస్ 2.5 నుంచి 3 డిగ్రీలు, టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి తిరగడం) 1 నుంచి 2 మి.మీ. వెనక క్యాంబర్ మైనస్ 0.5 నుంచి 1, టో సున్నా. మంచి టైర్లు ముందుకు, అరిగినవి వెనక్కి. ఫారెస్టర్ ఇంజన్ శక్తికి మే నెల ఎండలో ఎండు తారు మీద వెనక చక్రాలు విడిపోవడం కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో తడి ట్రాక్ మీద నేర్చుకుంటే టైర్లూ మిగులుతాయి, వెనక డిఫరెన్షియల్ మీద దెబ్బా తక్కువ.

ఎక్కడ నడపాలి

ఈ మార్పు తర్వాత బండి రోడ్డుది కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పును నిషేధిస్తుంది. 182ఏ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. జనం వచ్చిపోయే హక్కున్న చోటు ఏదైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే కాబట్టి, ఊరి బయట ఖాళీ వెంచర్ల రోడ్లు కూడా మినహాయింపు కావు. మైపాడు, కొత్తపట్నం ఇసుకలో చేద్దామనుకోవద్దు, పక్కకు జారిన చక్రం ఇసుకలో దిగబడితే బండి పల్టీ కొడుతుంది.

దగ్గరలో ఉన్న సరైన చోటు చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, నెల్లూరు నుంచి సుమారు 180 కి.మీ. ముందుగా మాట్లాడుకుని బండిని ఫ్లాట్‌బెడ్ మీద తీసుకెళ్లండి. జాకీ, టార్క్ రెంచ్, రెండు లీటర్ల గేర్ ఆయిల్, అదనపు వెనక యాక్సిల్ షాఫ్ట్ ఒకటి వెంట ఉండాలి.

మొదటి సెషన్ పావుగంటకు మించకూడదు. దిగగానే ముందు హబ్ నట్టులు రెండూ టార్క్ రెంచ్‌తో చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, కొంచెం ఆడినా ఆ రోజుకు ఆపేయాలి. తర్వాత వెనక డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టు విప్పండి. అయస్కాంతానికి బూడిదరంగు పొడి అంటితే మామూలే, కొత్త జీఎల్-5 ఆయిల్ పోసి కొనసాగించొచ్చు. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే వెల్డు విరుగుతోందని అర్థం. ఇంకొక్క రౌండు కూడా వేయకుండా బండిని ఫ్లాట్‌బెడ్ ఎక్కించండి.