మెక్సికో విప్లవపు నోట్లు సేకరించేవారికి

1913–16 మధ్య మెక్సికోలో ఊరు ఏ సేన చేతికొస్తే ఆ సేన నోట్లే అక్కడ చెల్లేవి. విప్లవ సేనల నాయకుడు వెనుస్తియానో కరాన్సా 1913 ఏప్రిల్‌లో 50 లక్షల పెసోల నోట్లకు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాత రాష్ట్రాలు, సేనానులు, చిన్న పట్టణాలు కూడా అచ్చేశాయి. అన్నీ పోగుచేద్దామంటే తెమలదు, జారీచేసినవారిలో ఒక్కరిని ఎంచుకోండి. విప్లవ సేనాని పాంచో వియా హయాంలోని చివావా (ఉత్తర మెక్సికో) రాష్ట్ర నోట్లతో మొదలుపెట్టడం మంచిది. 1913లో హతులైన అధ్యక్షుడు మదేరో, చివావా గవర్నరు అబ్రహాం గొంజాలెజ్ బొమ్మలున్న 'దోస్ కారితాస్' (రెండు చిన్న ముఖాలు) నోట్లు విరివిగా దొరుకుతాయి, రకాలూ ఎక్కువే.

ప్రతి నోటుకూ తేదీ, విలువ, సిరీస్, నంబరు, సంతకాలు, రెండు వైపులా పడ్డ ముద్రలు రాసుకోండి. విలువ ఒకటే అయినా సిరీస్ మారితే అది వేరే రకం.

అసలు చరిత్రంతా ముద్రల్లోనే ఉంది. అధికారం చేతులు మారాక పాత నోటు మళ్లీ చెల్లాలంటే దానిపై 'రెవలిదాదో' (మళ్లీ చెల్లుతుంది) లాంటి ముద్ర పడాల్సి వచ్చేది. కొన్ని ముద్రలుంటే ధర పెరుగుతుంది, అందుకే దొంగ ముద్రలూ వచ్చాయి. మడత ఉన్నచోట 10 రెట్ల భూతద్దంతో చూడండి. విరిగిన పీచుల్లోకి సిరా ఇంకిందంటే నోటు నలిగాకే ముద్ర పడింది. అయితే అదొక్కటే రుజువు కాదు, ఆ రోజుల్లో నలిగిన నోట్ల మీదా అసలు ముద్రలు వేశారు. కచ్చితంగా అసలుదని తేలిన ముద్ర పక్కన పెట్టి అక్షరాల ఎత్తు, ఎడం కొలిచి పోల్చాలి.

ఆనాటి దొంగనోట్లు చివావా వాటిలో మరీ ఎక్కువ. పారేయొద్దు, 'నాటి నకిలీ' అని రాసి విడిగా ఉంచండి. ఈ కాలపు నకళ్లలో గీతల బదులు రంగు చుక్కలు కనిపిస్తాయి. యూవీ లైటు కింద కాగితం నీలంగా మెరిసినా అనుమానించండి, తెల్లదనం పెంచే ఆ రసాయనాలు అప్పటి కాగితంలో లేవు. డిటర్జెంటుతో కడిగిన అసలు నోటు కూడా అలాగే మెరవవచ్చు. కరాన్సా 1916లో తెచ్చిన 'ఇన్‌ఫాల్సిఫికాబ్లెస్' (నకిలీ చేయలేనివి) నోట్లు న్యూయార్క్‌లోని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ పని. చెక్కిన పలకలతో అచ్చయినవి కాబట్టి, పెద్దగా అరగని నోటు మీద గీతలు వేలికి తగులుతాయి.

నోట్లను కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు. చిరుగుకు టేపు వేస్తే జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ తీయలేం. పీవీసీ కవర్ల నుంచి మెత్తదనం కోసం కలిపిన రసాయనం కారి సిరాను పట్టుకుంటుంది. పాలియెస్టర్ కవర్లే వాడండి. వివరాలు కవరులో పెట్టే చీటీ మీద పెన్సిలుతో రాయండి. గాలిలో తేమ 40–50 శాతం దగ్గర నిలపండి. చిల్లర కొరతకు అట్టముక్కల మీద అచ్చేసినవి తేమకు పొరలుగా విడిపోతాయి. కొనేముందు వాటి అంచులు నాలుగూ చూడండి.