విండో సీ షార్ప్‌లో, లెక్క ఎఫ్ షార్ప్‌లో: వడ్ల కాంటా బిల్లు

మిర్యాలగూడ రైస్ మిల్లుకొచ్చిన వడ్ల ట్రాక్టర్ కాంటా రెండుసార్లు ఎక్కుతుంది: ముందు లోడుతో, దించినాక ఖాళీగా. బిల్లు తప్పులు ఎక్కువగా ఈ రెండు తూకాల మధ్యే పుడతాయి. ఈ బిల్లు ప్రోగ్రాం రాసేటప్పుడు బటన్లు, టెక్స్ట్ బాక్సులు విండోస్ తెరలు గీసే సీ షార్ప్ విన్‌ఫామ్స్‌కు వదిలేసి, లెక్కంతా ఎఫ్ షార్ప్ క్లాస్ లైబ్రరీలో పెట్టండి. రెఫరెన్స్ (ఒక ప్రాజెక్టు ఇంకోదాన్ని వాడుకునే లింకు) యాప్ నుంచి లైబ్రరీకి మాత్రమే ఉండాలి.

బండి స్థితిని, కొన్ని కేసుల్లో ఏదో ఒకటే అయ్యే టైపు, అంటే డిస్క్రిమినేటెడ్ యూనియన్‌గా రాయండి. 'లోడు తూగింది' కేసులో ఒక్క బరువే, 'పూర్తయింది' కేసులో రెండూ. బిల్లు ఫంక్షన్ రెండో కేసులోని బరువులే తీసుకుంటే, ఖాళీ తూకం వేయకుండా బిల్లు కొట్టే దారే ఉండదు. ఎఫ్‌ఎస్0025 హెచ్చరికను (కేసులవారీగా విడదీసే మ్యాచ్‌లో ఏదో కేసు వదిలేశారని చెప్పేది) ఎర్రర్‌గా మార్చండి. రేపు 'బండి తిరిగిపోయింది' అనే కేసు కలిపితే, దాన్ని పట్టించుకోని మ్యాచ్ దగ్గర బిల్డ్ ఆగుతుంది.

డబ్బుకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే టైపు) వద్దు, డెసిమల్ వాడండి. లోడు 8,460 కిలోలు, ఖాళీ 3,120 అయితే నికరం 53.40 క్వింటాళ్లు. 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 చొప్పున రూ. 1,27,572.60 రావాలి. మొదటి టెస్టు ఇదే.

అసలు తిప్పలు కాంటా బరువును కంప్యూటర్‌కు పంపే సీరియల్ పోర్టుతో. బరువు ఒక్క ముక్కగా వస్తుందని నమ్మొద్దు: '084' ఒకసారి, '60' ఇంకోసారి రావచ్చు. మొదటి ముక్కే చదివితే ట్రాక్టర్ 84 కిలోలు తూగుతుంది! మిగిలిన ముక్కను, కొత్త ముక్కను తీసుకుని, పూర్తయిన లైన్లనూ కొత్త మిగులునూ తిరిగిచ్చే ఫంక్షన్ ఎఫ్ షార్ప్‌లో రాయండి.

పోర్టుకు డేటా రాగానే వచ్చే డేటా రిసీవ్డ్ ఈవెంట్, విండో నడిచే థ్రెడ్ (పని సాగే వరుస) కాకుండా వేరే థ్రెడ్‌లో నడుస్తుంది. అక్కడి నుంచి లేబుల్‌ను నేరుగా ముట్టుకుంటే క్రాస్ థ్రెడ్ ఎర్రర్. పనిని విండో థ్రెడ్‌కు అప్పగించి అయ్యేదాకా ఆగే ఇన్వోక్ వాడితే అది పోతుంది కానీ, పోర్టు మూసేటప్పుడు రెండు థ్రెడ్లు ఒకదానికోసం ఒకటి ఆగి విండో బిగుసుకుపోవచ్చు. అందుకే అప్పగించి ఆగకుండా ముందుకెళ్లే బిగిన్‌ఇన్వోక్ వాడండి.

ఆప్షన్ టైపును (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పేది) సీ షార్ప్ వైపు పంపొద్దు, అక్కడ నన్ (విలువ లేదు) అంటే నల్. మామూలు రికార్డు చాలు. 'డిఫైన్ కాలేదు' అని ఎర్రర్ వస్తే కోడ్ వెతికే ముందు ప్రాజెక్టులో ఫైళ్ల వరుస చూడండి: వాడే ఫైలు కింద, వాడబడేది పైన.

ముక్కలు కలిపే ఫంక్షన్‌కు కాంటా దాకా పోనక్కర్లేదు. కోడ్‌ను వెంటనే నడిపి చూసే ఎఫ్ షార్ప్ ఇంటరాక్టివ్‌లో '084' ఇచ్చి ఖాళీ లిస్టు, తర్వాత '60'తో పాటు లైన్ ముగింపు ఇచ్చి '08460' వస్తుందో లేదో చూడండి.